ఇంకోసారి చెప్పనా

ఆఫీసులో అందరూ ఆమెని ఎదురుగా అక్కా అనేవాళ్ళు, వెనకాల గోడ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ తూకం వేసినట్టు పెట్టాడు. ఆమె పక్కన కూర్చుంటే మనిషి కూర్చున్నట్టే ఉండేది కాదు. ఊపిరి తీసిన చప్పుడు కూడా బయటికి రానిచ్చేది కాదు. బెల్లం కొట్టిన రాయైనా కొట్టేటప్పుడు ఒక చప్పుడు చేస్తుంది. ఈమె అదీ చెయ్యదు.

అలాగని నోరు లేని మనిషి కాదు. ఆమె చేసే ఉద్యోగమే అలాంటిది.

ఇంట్లో కూర్చుని పని నేర్చుకునే సైటు ఒకటి ఉంది. ఫ్రిజ్ బాగుచెయ్యడం, మోటారుకి తీగ చుట్టడం, ఇంటికి కరెంటు వైర్లు లాగడం, అన్నీ కంప్యూటర్‌లో పాఠాలుగా చెప్తారు. ఆ సైటు నడిపేవాళ్ళకి ఒకటే బెంగ. నేర్చుకుందామని వచ్చిన మనిషి ఎక్కడ నొక్కాలో తెలియక, ఎటు పోవాలో అర్థంకాక, తెల్లమొహం వేసుకుని వెళ్ళిపోతున్నాడేమో అని. అది కనుక్కోవడానికి ఎవరో ఒకర్ని పిలిచి, ఒక గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇదిగో వాడి చూడండి అంటారు. పక్కన ఒక మనిషి కూర్చుని చూడాలి. ఆ చూసే మనిషే గోడ.

చూడడమంటే సినిమా చూసినట్టు కాదు. చూసే మనిషి సాయం చెయ్యకూడదు. తల ఊపకూడదు. అవతలివాడు సరైన బటన్ మీదికి చెయ్యి పోనిస్తే మొహం వెలగకూడదు, తప్పు బటన్ మీదికి పోనిస్తే కనుబొమ్మ కదలకూడదు. కదిలిందంటే ఆ మొహం చూసి దారి కనుక్కుంటాడు, సైటుని చూసి కాదు. అప్పుడు ఆ పూట పరీక్ష బూడిదలో పోసినట్టే. చూసే మనిషికి మూడంటే మూడు మాటలు మాట్లాడే వీలుంది. మొదట్లో, "మనసులో అనుకునేది పైకి చెప్పండి" అనాలి. మధ్యలో వాళ్ళు ఆగిపోతే, "ఇప్పుడేం అనుకుంటున్నారు?" అనాలి. ఇది నొక్కనా, అది నొక్కనా అని వాళ్ళు అడిగితే, "మీ ఇంట్లో అయితే ఏం చేసేవారు?" అనాలి. అంతే. నాలుగో మాట లేదు.

వినడానికి తేలికే. ఒకసారి బస్సు డ్రైవర్ ఒకాయన వచ్చాడు. పాఠం మొదలుపెట్టే బటన్ ఆయన ముక్కు కిందే ఉంది. ఆయన మాత్రం తెరంతా గాలించాడు. కంప్యూటర్‌ని తిట్టాడు, దాన్ని చేసినవాణ్ణి తిట్టాడు, చివరికి గోడ వైపు తిరిగి, కళ్ళముందు మనిషి మునిగిపోతుంటే చూస్తూ కూర్చునే ఆడదాన్ని ఎక్కడా చూడలేదన్నాడు. ఆమె మీ ఇంట్లో అయితే ఏం చేసేవారని అడిగింది. మా ఇంట్లో అయితే మా ఆవిడ చెప్పేది అని ఆయన లేచి చక్కాపోయాడు. ఆ రోజు ఆమె చేతులు దురద పెట్టాయి. చూపుడు వేలు ఒక్కసారి చాస్తే అయిపోయేది. అప్పట్నుంచే రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. సాయంత్రానికి అరచేతుల మీద కుర్చీ అల్లిక అచ్చు పడేది.

ఆ ఉద్యోగం ఆమెకి దొరికిన తీరు కూడా వింతే. మొదట ఆమె అక్కడికి వచ్చింది పరీక్షలో కూర్చునే మనిషిగానే. మనసులో అనుకునేది పైకి చెప్పమన్నారు. చెప్పలేకపోయింది. ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. విప్పకపోవడానికి కారణం ఉంది. మంచాన పడి మాట పోయిన తల్లిని ఆమె ఏళ్ళ తరబడి చూసుకుంది. నోటితో అడిగితే జవాబు రాదు కాబట్టి, అడగడం మానేసి తల్లి మొహం చూసి తెలుసుకునేది. ఇప్పుడు దాహమా, ఇప్పుడు నొప్పా, ఇప్పుడు ఊరికే ఏడుపా అని. తల్లి పోయేసరికి ఆ ఇంట్లో మాట అనేదే లేకుండా పోయింది. అలాంటి మనిషిని మాట్లాడమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? మాట్లాడమంటే మాట్లాడలేదు కాబట్టి, మాట్లాడకూడని ఉద్యోగం ఇచ్చారు.

ఉండేది తాళాలు బాగుచేసే కొట్టు పైన ఒక గది. ఒక కిటికీ, ఒక మంచం, గోడకి ఒక అద్దం. పొద్దంతా కింద తాళాలాయన ఆకురాయితో తాళంచెవుల్ని గీస్తుంటే ఆ చప్పుడు మెట్ల మీదుగా పైకొచ్చేది. ఆదివారం కొట్టు మూసేస్తే అదీ ఉండేది కాదు. పోనీ ఇరుగుపొరుగు ఉన్నారా అంటే, ఎదురింటి తలుపు ఎప్పుడు తీస్తారో ఎప్పుడు వేస్తారో ఆ తలుపుకే తెలియాలి.

ఉన్నదల్లా ఒక చెల్లెలు. వేరే ఊళ్ళో ఉండేది, మొగుడు పోయాక ఒక్కతే. ఆదివారం ఫోన్ చేసేది. అక్క ఊకొట్టేది, చెల్లెలు చెప్పేది. ఆ చెల్లెలికి గుక్క తిప్పుకునే అలవాటు లేదు కాబట్టి ఇద్దరికీ సరిపోయేది. అయితే ఒక ఆదివారం చెల్లెలు గొంతు తగ్గించి, కంట్లో పొర వచ్చిందనీ, ఆపరేషన్ చేయించుకోమంటున్నారనీ, భయంగా ఉందనీ చెప్పింది. చెప్పి, "నన్నేం చెయ్యమంటావే అక్కా?" అంది.

గోడ నోట్లోంచి వచ్చిన మాట వినండి. "నువ్వేం అనుకుంటున్నావు?" అంది.

ఆఫీసు మాట. కావాలని అనలేదు, నాలుక దానంతట అదే తిరిగింది.  చెల్లెలు, "గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయమే" అని ఫోన్ పెట్టేసింది. ఆఫీసులో అక్కకి ఉన్న పేరు ఆమెకి తెలియదు పాపం. ఊరికే అన్నదే, గురిచూసి కొట్టినట్టు తగిలింది. ఆ తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఈమె చేసిందా అంటే, ఈమె ఎప్పుడైనా చేసిన మనిషైతే కదా. ఫోన్ చేతిలోకి తీసుకునేది, ఏం మాట్లాడాలో తోచక మళ్ళీ బల్ల మీద పెట్టేది.

ఇలా ఉండగా ఆఫీసులో ఒక చిక్కొచ్చి పడింది. సైటులో ఎవరు ఎక్కడికి వెళ్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు అన్నది అంతా లెక్క పడుతూ ఉంటుంది. ఫ్రిజ్ పాఠాల్లో ఒక మనిషి మొదటి పాఠం దగ్గరే ఆగిపోయాడు. రోజూ వస్తాడు, ఆ పాఠమే చూస్తాడు, చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికి పోతాడు. రెండో పాఠం గడప తొక్కడు. ఆఫీసు పెద్ద, కళ్ళజోడు పెట్టుకునే కుర్రాయన ఒకడు, అది చూసి నిద్ర మానుకున్నాడు. అంతలా ఒకే చోట తిరుగుతున్నాడంటే అక్కడేదో అర్థం కావడం లేదు, సైటులోనే ఎక్కడో లోపముంది, ఆ మనిషిని పిలిపించండి అన్నాడు. గోడని పక్కన కూర్చోమన్నాడు. మంచివాడే. మనుషుల కష్టం తీర్చాలని తపన పడేవాడు. కాకపోతే ఆయనకి కష్టమంటే దారి తప్పడమొక్కటే తెలుసు.

ఆ వచ్చినాయన రిటైరైన లిఫ్ట్ మనిషి. పెద్ద భవనంలో లిఫ్ట్ నడిపేవాడు. పాతకాలం లిఫ్ట్, లోపల ఒక స్టూలు, ఒక పిడి, జాలీ తలుపు. తలంతా నెరిసింది, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఆఫీసుకి లిఫ్ట్ ఉన్నా మూడంతస్తులూ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. తను స్టూలు మీద కూర్చుని నడపని లిఫ్ట్ ఆయన ఎక్కడట. గదిలో కూర్చున్నాక ఎవరు తలుపు తీసినా టక్కున తిరిగి, "ఎన్నో అంతస్తండీ?" అనేవాడు. అని నాలుక కరుచుకునేవాడు.

గోడ తన మాట చెప్పింది, మనసులో అనుకునేది పైకి చెప్పమని.

"అన్నీనా?" అన్నాడాయన. జవాబు చెప్పే వీల్లేదు కాబట్టి ఆమె అదే మాట మళ్ళీ అంది. ఆయన నవ్వి, "అన్నీ చెప్తే పొద్దు గూకుతుంది తల్లీ, మీకు ఇంటికెళ్ళే పని లేదా?" అన్నాడు. అయినా మొదలుపెట్టాడు.

ఇక చూడండి. కట్ట తెగిన చెరువే. కంప్యూటర్ తెరుస్తూ చెప్పాడు, మౌస్ జరుపుతూ చెప్పాడు. జనం లిఫ్ట్ ఎక్కితే పైకప్పు చూస్తారే గానీ మనిషి మొహం చూడరట. అందుకే అంతస్తు వచ్చినప్పుడల్లా తను గట్టిగా పిలిచేవాడట, ఆ ఒక్క క్షణమన్నా తనవైపు తిరుగుతారని. నాలుగో అంతస్తు దంపతులు పోట్లాడుకుని ఎక్కితే లిఫ్ట్ కాస్త నెమ్మదిగా నడిపేవాడట, దిగేలోపు సర్దుకుంటారని. తర్వాత కొత్త లిఫ్ట్ పెట్టారు. ఎవరికి కావలసింది వాళ్ళే నొక్కుకోవచ్చు. అంతస్తు పేరు కూడా అదే పిలుస్తుంది. "నా స్టూలు తీశారు, సరే. నా పిలుపు కూడా దానికే ఇచ్చేశారు" అన్నాడు. యజమాని జాలిపడి ఆఫీసులో మూలనపడ్డ కంప్యూటర్ ఒకటి చేతిలో పెట్టి, ఖాళీగా కూర్చోకండి, ఏదన్నా నేర్చుకోండి అని ఈ ఫ్రిజ్ పాఠాల్లో పేరు రాయించాడట. ఆయన ఇంట్లో ఫ్రిజ్ లేదు. అది కూడా చెప్పాడు, పెద్ద హాస్యం చెప్తున్నట్టు. ఇల్లంటే ఇల్లు కూడా కాదు, ఒక గది. భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు.

గోడ చేతులు తొడల కింద పెట్టుకుని విన్నది. ఎవరో ఒకరు తనకి ఇంత చెప్పి ఎన్నాళ్ళయిందో. ఈయన మాట ఎవరో ఒకరు ఇంతసేపు విని ఎన్నాళ్ళయిందో. ఇద్దరి మధ్యా మూరెడు దూరం.

పాఠం మొదలైంది. ఒకావిడ గొంతు. తొందరా ఆర్భాటమూ లేని గొంతు, పక్కన కూర్చుని చెప్తున్నట్టుంటుంది. ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు, లోపలున్న వేడిని తీసుకుపోయి వెనకాల వదిలేస్తుంది, అందుకే ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది అని చెప్తుంది. పాఠం చివరికొస్తోందనగా లిఫ్ట్ ఆయన నిటారుగా కూర్చున్నాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. గోడకి అర్థం కాలేదు, పాఠానికి గుండీ ఎందుకని. అప్పుడు ఆ గొంతు ఆగి, "అర్థమైందా? ఇంకోసారి చెప్పనా?" అని అడిగింది. అడిగి, ఊరుకుంది. తెర మీద రెండు బటన్లు. అర్థమైంది అని ఒకటి, ఇంకోసారి చెప్పండి అని ఒకటి. మనిషి ఏదో ఒకటి నొక్కేదాకా ఆ పాఠం అక్కడే కూర్చుంటుంది, ఎంతసేపైనా సరే.

ఆయన కాసేపు ఆ ప్రశ్నని అలాగే ఉండనిచ్చాడు. తర్వాత ఇంకోసారి చెప్పమని నొక్కాడు. పాఠం మళ్ళీ మొదలైంది. మళ్ళీ చివరికొచ్చింది. మళ్ళీ గుండీ తడుముకున్నాడు. మళ్ళీ అదే నొక్కాడు.

గోడ తన రెండో మాట అడిగింది. "ఇప్పుడేం అనుకుంటున్నారు?"

"పాఠం నాకు కంఠతా వచ్చమ్మా" అన్నాడాయన. "నిద్రలేపి అడిగినా చెప్తాను. కానీ అర్థమైందని నొక్కితే ఈవిడ వెళ్ళిపోతుంది. రెండో పాఠానికి ఇంకొకడున్నాడు, వెనకాల కుక్క తరుముతున్నట్టు చెప్తాడు. వాడు ఆగడు, అడగడు. ఇంకోసారి చెప్పనా అని నన్ను అడిగేవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పండి."

చెప్పండి అని ఆమె వైపు తిరిగాడు. తిరిగి, "మీకు అర్థమైందా తల్లీ?" అన్నాడు.

అర్థమైంది. గొంతు దాకా వచ్చింది. పెదవుల లోపల నిలబడింది. ఇన్నేళ్ళ అలవాటు దాన్ని మెడపట్టి వెనక్కి లాగి, దాని చోట మూడో మాటని తోసింది.

"మీ ఇంట్లో అయితే ఏం చేసేవారు?" అంది గోడ.

"ఇంట్లోనా?" అన్నాడాయన. "ఇంట్లో అయితే ఇదే చేస్తానమ్మా. రోజూ."

ఆ పూటకి అయిపోయింది. వెళ్ళేటప్పుడు ఆఫీసువాళ్ళు ఆయనకి ఒక గుడ్డ సంచీ ఇచ్చారు, సైటు బొమ్మ ఉన్నది. ఆయన దాన్ని మడతపెట్టకుండా భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు మీటింగ్. కళ్ళజోడాయన అడగాల్సింది ఒక్కటే అడిగాడు. ఆయనకి పాఠం అర్థమైందా, లేదా? గోడ చూసింది చెప్పాలి, అంతే. సొంత అభిప్రాయాలు చెప్పకూడదు, అది కూడా రూలే. అర్థమైంది సార్, అంది. ఎక్కడైనా ఆగిపోయాడా? ఆగలేదు. ఎక్కడ నొక్కాలో తెలియలేదా? అన్నీ తెలుసు.

కళ్ళజోడాయన మొహం వికసించింది. అలాగైతే తేలిపోయిందన్నాడు. పాఠంలో లోపం లేదు, లోపమంతా చివర్న ఉన్న ఆ ప్రశ్నలో ఉంది. అర్థమైన మనిషిని కూడా అది ఆపి అడుగుతోంది, చెయ్యి అలవాటు కొద్దీ ఇంకోసారి అని నొక్కేస్తోంది, పాపం పెద్దాయన అక్కడే చుట్టూ తిరుగుతున్నాడు. మిగతా పాఠాల్లో ఆ ప్రశ్న లేదు కదా, దీంట్లోనూ తీసేద్దాం. పాఠం అవ్వగానే రెండోది దానంతట అదే మొదలయ్యేట్టు పెడదాం అన్నాడు.

గోడ నిజం చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. అర్థం కాలేదు పాపం అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ ప్రశ్న బతికి ఉండేది. అర్థంకానివాళ్ళకి కావాలి కదా అని ఉంచేవాళ్ళు.

ఆ ప్రశ్న ఉంటేనే బాగుంటుంది సార్ అనగలిగింది, ఎలాగో కూడదీసుకుని. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలెత్తి చూశారు, గది గోడే మాట్లాడినట్టు. కళ్ళజోడాయన మర్యాదగానే, ఎందుకక్కా, ఆయన ఎక్కడన్నా ఇబ్బంది పడ్డాడా అన్నాడు. లేదంది. మరి అన్నాడు. ఆ మరికి చెప్పాల్సింది ఆమె కడుపు నిండా ఉంది. ఆ గుండీ సంగతి చెప్పాలి. ఆ స్టూలు సంగతి చెప్పాలి. ఆయన ఆ ప్రశ్నని కాసేపు అలాగే ఉండనిచ్చాడే, అది చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మాటలు వాడక తుప్పు పట్టిపోయాయి మరి. ఆమె తల దించుకుంది. వాళ్ళు ముందు ఆఫీసు కంప్యూటర్‌లో ప్రశ్న తీసేశారు.

తీసేశాక, ఇప్పుడు బాగుపడిందో లేదో చూడాలి కదా. లిఫ్ట్ ఆయన్నే మళ్ళీ పిలిచారు. గోడనే మళ్ళీ కూర్చోబెట్టారు.

ఆయన ఆ గుడ్డ సంచీ వేసుకుని వచ్చాడు. పోయినసారి ఎక్కువ వాగానేమో అని నొచ్చుకున్నాడు. ఈసారి తక్కువ మాట్లాడతానన్నాడు. అని మెట్ల దగ్గర్నుంచీ మాట్లాడుతూనే వచ్చాడు. మనిషి సంతోషంగా ఉన్నాడు. పిలిచారు కదా.

గదిలో జరిగేదంతా రికార్డు చేసే కెమెరా వెలిగింది. గోడ తన మొదటి మాట చెప్పి చేతుల మీద కూర్చుంది. పాఠం మొదలైంది. అదే గొంతు, అదే ఫ్రిజ్. ఏం జరగబోతోందో గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. ముందే చెప్పడానికి లేదు. పాఠం చివరికొస్తోందనగా ఆయన నిటారుగా కూర్చున్నాడు, పైగుండీ పెట్టుకున్నాడు. ఆమె చూపు తిప్పుకుంది.

వెనకాల వెచ్చగా ఉంటుంది అన్న మాటతో ఆ గొంతు ఆగింది. తెర మీద చిన్న చక్రం ఒకటి తిరిగింది. వెంటనే రెండో పాఠం మగమనిషి ఊడిపడ్డాడు, కుక్క తరిమినట్టు.

లిఫ్ట్ ఆయన ముందు గబగబా మౌస్ కదిపాడు. తెర ఆ మూలకీ ఈ మూలకీ, పైకీ కిందికీ. తాళంచెవి పారేసుకున్న మనిషి జేబులన్నీ తడుముకున్నట్టు. వెనక్కి పోయి పాఠం మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. గొంతు ఆగడం, చక్రం తిరగడం, వాడు రావడం. మూడోసారి పెట్టలేదు. మౌస్ మీంచి చెయ్యి తీసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏదో తప్పు నొక్కినట్టున్నాను" అన్నాడు మెల్లగా. "నా వల్లే పోయింది."

తిట్టి ఉంటే గోడ ఓర్చుకునేది. బస్సు డ్రైవర్ తిట్లు ఓర్చుకుంది. లేచి చక్కాపోయినా ఓర్చుకునేది. ఆయన తన్నే తను నిందించుకున్నాడు. తన చెయ్యి పడడం వల్లే ఆ ఒక్కటీ పోయిందనుకుని, గుండీ విప్పుకుంటున్నాడు.

ఆమె చేతులు తొడల కిందనుంచి బయటికొచ్చాయి.

"అర్థమైందా?" అంది. "ఇంకోసారి చెప్పనా?"

ఆయన కుర్చీతో సహా ఇటు తిరిగాడు. ఆమెని పైనుంచి కిందిదాకా చూశాడు, మూగదనుకున్న మనిషి పలికితే చూసినట్టు. రెండో పాఠం వాడు తెరలో వాడి దారిన వాడు వాగుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి చాచి వాడి గొంతు నొక్కింది. అదీ చెయ్యకూడని పనే.

"చెప్పండి" అన్నాడు లిఫ్ట్ ఆయన. చెయ్యి మళ్ళీ గుండీ మీదికి పోయింది.

చెప్పండి అంటే చెప్పాలి కదా. ఆ పాఠం ఆమె ఎన్నిసార్లు విన్నదో. తీరా నోరు తెరిస్తే ఆ గొంతావిడ మాటలు ఒక్కటీ రాలేదు. తనకి తోచింది తను చెప్పింది. "వానకి ఇంట్లోకి నీళ్ళొస్తే ఏం చేస్తామండీ, బకెట్‌తో తోడి వీధిలో పోస్తాం. ఫ్రిజ్ కూడా అంతే. లోపలి వేడిని తోడి వెనకాల పోస్తుంది. తలుపు తీసినప్పుడల్లా వేడి లోపలికొస్తుంది. అది మళ్ళీ తోడుతుంది. ఎవరూ చూడకపోయినా తోడుతూనే ఉంటుంది. ఆ గుర్రుమనే చప్పుడు అదే."

ఆయన చివరిదాకా విన్నాడు. ఆవిడ ఎప్పుడూ బకెట్ సంగతి చెప్పలేదమ్మా అన్నాడు. ఆమె నవ్వింది. ఆ గదిలో నవ్వడం ఆమెకదే మొదలు. ఆ ప్రశ్న వాళ్ళ మధ్య ఇంకా కూర్చునే ఉంది.

"అర్థమైంది" అన్నాడు లిఫ్ట్ ఆయన.

అని లేచాడు, సంచీ భుజానికి తగిలించుకున్నాడు, వస్తా తల్లీ అన్నాడు, మెట్లు దిగిపోయాడు. ఆయన చెప్పులు కింద వీధి చప్పుడులో కలిసిపోయాక గానీ ఆమెకి తట్టలేదు. ఆ మాట అంటే అవతలి మనిషి వెళ్ళిపోతుందని ఇన్నాళ్ళూ అనకుండా దాచుకున్నాడు. ఈసారి అని, తనే వెళ్ళిపోయాడు. ఇంకోసారి చెప్పండి అంటాడనే ఆమె అనుకుంది. రెండోసారి ఇంకా బాగా చెప్పేది.

ఆ పరీక్ష లెక్కలోకి రాలేదు. కళ్ళజోడాయన కేకలెయ్యలేదు. మీరే ఇలా చేస్తే ఎలా అక్కా అన్నాడు, అంతే. అది కేకల కంటే కష్టం. ఆ రికార్డింగ్ మాత్రం పారెయ్యలేదు. కొత్తగా చేరేవాళ్ళకి ఎలా కూర్చోకూడదో చూపించడానికి దాచారు. కొత్తవాళ్ళకి అది వేసి, ఇక్కడ ఏం తప్పు జరిగిందని అడుగుతారు. మాట్లాడింది అని అందరూ ఒక్క గొంతుతో చెప్తారు. మొదటిసారి వేసినప్పుడు గోడ కూడా వెనక వరసలో ఉంది. ఇన్నేళ్ళ రికార్డింగుల్లో ఆమెవి ఆ మూడు మాటలే ఉన్నాయి, అవి కూడా రాయి పలికినట్టు. బకెట్ సంగతి చెప్తున్న ఆ మనిషి గొంతు ఎవరిదో వెంటనే పోల్చుకోలేకపోయింది. చెల్లెలి గొంతులా ఉంది.

ఆ ప్రశ్నని సైటులో అందరికీ తీసేశారు. ఇంకొన్నాళ్ళకి మీటింగ్‌లో ఒక శుభవార్త చెప్పారు. మొదటి పాఠం దగ్గర చుట్టూ తిరుగుతూ ఉండిన మనిషి ఇప్పుడక్కడ తిరగడం లేదట. రెండో పాఠానికి వెళ్ళాడా అని గోడ అడిగింది. ఈ మధ్య ఆమె అడుగుతోంది, అందరూ అలవాటు పడుతున్నారు. లెక్కలు చూసే అమ్మాయి వెతికి, లేదక్కా, ఆయన అసలు సైటుకే రావడం మానేశాడు అంది. కళ్ళజోడాయన అది వినలేదో, విన్నా పట్టించుకోలేదో. ఒకే చోట తిరిగే మనిషి లేడు కాబట్టి తిరగాల్సిన అవసరం తీరిపోయింది, పని నెరవేరింది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పరీక్షకి వచ్చినవాళ్ళ ఇల్లెక్కడో పక్కన కూర్చుని చూసేవాళ్ళకి చెప్పరు. అడిగినా చెప్పలేదు. ఊళ్ళో పాత భవనాలు కనిపిస్తే ఆమె ఆగి లోపలికి తొంగి చూసేది. ఎక్కడ చూసినా లిఫ్ట్‌లే అంతస్తులు పిలుస్తున్నాయి.

ఆ ఆదివారం తాళాల కొట్టు మూసి ఉంది. ఎదురింటి తలుపు మూసి ఉంది. గోడ మంచం మీద కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకుంది, బల్ల మీద పెట్టింది, తీసుకుంది. ఏం మాట్లాడాలో ఈసారీ తోచలేదు. తోచకుండానే చేసింది.

"ఎవరు పోయారే?" అంది చెల్లెలు, ఎత్తగానే. అక్క ఫోన్ చేసిందంటే అలాంటిదేదో అయి ఉండాలి మరి.

ఎవరూ పోలేదంది గోడ. ఊరికే చేశానంది. అవతల చెల్లెలు నమ్మలేదు, ఒంట్లో బాగుందా అంది, ఉద్యోగం ఊడిందా అంది, గది ఖాళీ చెయ్యమన్నారా అంది. అన్నిటికీ లేదంది. తర్వాత ఆ లేదులు కూడా అయిపోయాయి.

"ఆ కంటి ఆపరేషన్ సంగతి ఇంకోసారి చెప్పవే" అంది గోడ. "నేను సరిగ్గా వినలేదు అప్పుడు."

 గోడ అరచేతులు చూసుకుంది, కుర్చీ అచ్చు లేదు.

"అదెప్పుడో అయిపోయిందే అక్కా" అంది చెల్లెలు. "నేనే వెళ్ళి చేయించుకున్నాను. కట్టు విప్పేటప్పుడు తోడు ఎవరొచ్చారని అడిగారు. ఎవరూ రాలేదన్నాను."

గోడ కళ్ళు మూసుకుంది. నువ్వేం అనుకున్నావు అప్పుడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"అయినా చెప్పు" అంది. "మొదట్నుంచి చెప్పు."

చెల్లెలు ముక్కు చీదింది. కుర్చీ లాక్కున్న చప్పుడైంది. ఏం చెప్పమంటావులే అంది, నీకు పనేం లేదా అంది. ఆ తర్వాత, ఆ రోజు పొద్దున్నే బస్సు ఎక్కానా, కండక్టర్‌తో గొడవ, అక్కణ్ణుంచి చెప్పాలి అని మొదలుపెట్టింది.